శాలువా తీసి రండి, తాతయ్యా!

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను ఇంటికి పనికొచ్చే ముక్క ఏదైనా పది నిమిషాలు చెప్పమన్నారు. అందుకని కరువుభత్యం జోలికి పోకుండా, కంప్యూటరు బిగించే పిల్లలు వేసుకోవలసిన బట్టల గురించి చెబుతాను. నవ్వకండి. మీలో చాలామంది ఇళ్ళలో అటువంటి మనవడో మనవరాలో ఉండే ఉంటారు. పండక్కి వాళ్ళకు బట్టలు పెట్టేది మనమే కదా!

కొందరు పిల్లలు ఈ రోజుల్లో తయారుగా ఉన్న కంప్యూటరు కొనరు. డబ్బా, మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ వేరువేరుగా తెచ్చుకొని ఇంట్లోనే కూర్చుకుంటారు. మా మనవరాలికి ఆ సరదా పట్టింది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు పట్టుకొని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటరు చుట్టూ, అదే మనం సీటీసీ అంటామే, దాని చుట్టూ నాలుగైదుసార్లు తిరిగి సామాను తెచ్చుకుంది.

2024 డిసెంబరు 17న ఇదే సభలో, డెబ్బై అయిదేళ్ళు నిండినందుకు మీరు నాకు శాలువా కప్పారు. ఆ సంబరంలో శాలువా తీయకుండానే ఇంటికి వెళ్ళాను. పిల్ల బల్ల మీద అట్టపెట్టె పరచుకొని బోర్డు బిగిస్తోంది. "ఇదేనా అమ్మా మెమరీ అంటే?" అంటూ పక్కనున్న చిన్న పచ్చటి పట్టీని చేతిలోకి తీసుకోబోయాను. వేలి చివర చురుక్కుమంది. "ముందు శాలువా తీసి రండి, తాతయ్యా!" అని కేక వేసింది. అప్పటికే ఆలస్యమైంది. రాత్రి స్విచ్చి వేస్తే కంప్యూటరు లేవలేదు. రెండు మెమరీ పట్టీలలో నేను ముట్టుకున్నది తీసేశాక లేచింది.

"అది ముందే పాడై ఉంటుందిలెండి" అని నాకే సర్దిచెప్పింది. నా శాలువావల్లే పోయిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఇన్నేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి, అనుమానం ఎవరి మీద రాయాలో నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆమెనే కూర్చోబెట్టుకొని పాఠం చెప్పించుకున్నాను. ఆ పాఠమే మీకు అప్పజెబుతున్నాను.

మనం 1970లలో టెర్లిన్ చొక్కాలు తొడిగినవాళ్ళమే. చలికాలం రాత్రి దీపం ఆర్పి చొక్కా విప్పితే చిటపటమని మెరుపులు కనబడేవి, గుర్తుందా? అదే స్థిర విద్యుత్తు. రెండు వస్తువులు రాసుకొని విడిపోయినప్పుడు పుడుతుంది. గాలిలో తేమ ఉంటే త్వరగా జారిపోతుంది. పొడిగాలిలో ఒంటినే అంటిపెట్టుకొని ఉంటుంది. అందుకే హైదరాబాదు చలికాలంలో దీని బెడద ఎక్కువ. సుమారు 3 వేల వోల్టులు ఉంటేగాని మన వేలికి చురుక్కుమనదు. అందులో పదోవంతు కూడా లేని దెబ్బకే కొన్ని చిప్పులు చెడిపోతాయి. అంటే మనకు తెలియకుండానే పాడుచేయగలమన్నమాట.

కాబట్టి మొదటి నియమం నూలు బట్ట. పాలియెస్టరు, నైలాను, ఉన్ని, పట్టు ఈ పనికి పనికిరావు. మంగళగిరి నూలు చొక్కా గాని, మామూలు కాటను బనియను గాని మంచివి. నూలులో అసలు విద్యుత్తు పుట్టదని కాదు, తక్కువ. ఫ్యాక్టరీలలో వాడే ప్రత్యేకమైన కోట్లలో విద్యుత్తును మోసే దారాలు కలిపి నేస్తారు. ఇంట్లో ఏడాదికొక కంప్యూటరు బిగించే పిల్లలకు అంత అవసరం లేదు.

రెండవది చేతులు. పొట్టి చేతుల చొక్కా ఉత్తమం. పొడుగువైతే బొత్తాం పెట్టుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి. జడ ముడి వేసుకోవాలి. డబ్బాలో ఫ్యాన్లు తిరుగుతాయి గదా!

మూడవది జేబు. ఇది మన గుమాస్తాల జబ్బు. జేబులో పెన్ను, కళ్ళజోడు, చిల్లర లేనిదే మనకు తోచదు. ప్రాసెసరు కూర్చునే సాకెట్లో వెంట్రుకల్లాంటి పిన్నులు ఉంటాయి. 2021లో వచ్చిన ఒక ఇంటెల్ సాకెట్లో అవి 1,700. వంగినప్పుడు పెన్ను జారి వాటిమీద పడితే మదర్‌బోర్డు మీద ఆశ వదులుకోవడమే. జేబు ఖాళీ చేసుకొని పనిలో దిగాలి.

నాలుగవది నగలు. ఉంగరం, గాజులు, స్టీలు గొలుసు గడియారం తీసేయాలి. లోహం బోర్డును గీస్తుంది. కరెంటు ఉన్నప్పుడు తగిలితే షార్టయి ఉంగరం క్షణంలో కాలిపోయేంత వేడెక్కుతుంది. మెడలో గొలుసులు, మంగళసూత్రాలు వేలాడకుండా జాకెట్టు లోపలికి వేసుకుంటే చాలు. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే.

అయిదవది కాళ్ళు. 1990ల చివర మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు గది బయట చెప్పులు విడవమనేవారు. పూజగది అనుకున్నాం. అది దుమ్ము కోసం. ఇంట్లో ప్లగ్గు పీకేసి బిగించేటప్పుడు వట్టి గచ్చు మీద నిలబడి పనిచేయాలి, తివాచీ మీద కూడదు. పని అయ్యాక ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసేటప్పుడు మాత్రం పొడి చెప్పులు తొడుక్కోవాలి. కరెంటు సరఫరా చేసే పెట్టెను ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు కొంతసేపు దాగి ఉంటుంది.

ఇక అన్నిటికంటే విలువైన ఆభరణం మణికట్టు పట్టీ. మన గడియారం పట్టీలాగే ఉంటుంది, దానికొక తీగ, చివర క్లిప్పు. పట్టీ చర్మానికి తగలాలి, చొక్కా మీద కట్టుకుంటే దండగ. క్లిప్పును డబ్బాలో రంగు వేయని ఇనుముకు తగిలించాలి. తీగలో పది లక్షల ఓముల నిరోధకం ఉంటుంది. విద్యుత్తు మెల్లగా జారిపోవడానికీ, పొరపాటున కరెంటు తగిలితే దెబ్బ పెద్దది కాకుండానూ అది ఉంచారు. అయినా కరెంటు ఉన్న యంత్రం దగ్గర పట్టీ కట్టుకోకూడదు. తీగ లేని పట్టీలు కూడా అమ్ముతారు. అవి కొనకండి, విద్యుత్తు పోవడానికి దారే లేనప్పుడు ఎక్కడికి పోతుంది? పట్టీ లేనప్పుడు డబ్బా ఇనుమును మాటిమాటికీ ముట్టుకుంటూ పనిచేయడం రెండో మార్గం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, కార్బను కాగితాలు పెట్టే రోజున తెల్లచొక్కా వేసుకురావద్దని హెడ్ గుమాస్తాగారు చెప్పారు. పనిని బట్టి బట్ట అని అప్పుడే నేర్చుకున్నాను. మనవరాలి పని కూడా పనేనని ఒప్పుకోవడానికి మాత్రం నాకు ఒక మెమరీ పట్టీ ఖరీదు పట్టింది.

ఆ డబ్బు ఇవ్వబోతే పిల్ల పుచ్చుకోలేదు. "సంక్రాంతికి పట్టు పరికిణీ వద్దు తాతయ్యా, రెండు నూలు చొక్కాలు, ఒక మణికట్టు పట్టీ కొనిపెట్టండి" అంది. ఇద్దరం కలిసి సీటీసీకి వెళ్ళాం. పట్టీ మూడువందల లోపే దొరికింది. ఒకటి కాదు, రెండు కొన్నాను. రెండోది నాకు. ఇప్పుడు ఆమె బిగిస్తుంటే నేను పక్కన కూర్చొని పట్టీ కట్టుకొని స్క్రూలు అందిస్తున్నాను.

మీరు కప్పిన శాలువా బీరువాలో భద్రంగా ఉంది. మీ గౌరవానికి లోటు రాదు. ఈసారి మీ పిల్లలకు బట్టలు తీసేముందు, వాళ్ళు చేసే పనేమిటో ఒక్కమాట అడగండి. అంతే నేను చెప్పదలచుకున్నది.