మూడేళ్ల పాపకి అరమండి ఎందుకండీ? లింగంపల్లిలో నా శనివారం క్లాసులు

"అక్కా, మా పాపకి మూడున్నరేళ్లు. కూచిపూడిలో చేర్పించొచ్చా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఈ విషయంలో నేనే ఒకసారి గట్టిగా బోల్తా పడ్డా. ముందు అది చెప్తా.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: చిన్నప్పుడు ఖమ్మంలో ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నా. తర్వాత ఇంటర్, బీటెక్, గచ్చిబౌలిలో ఉద్యోగం. గజ్జెలు అటకెక్కాయి. ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాక, లింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ ఆంటీ ఒకావిడ "శనివారం ఖాళీయే కదమ్మా, పిల్లలకి ఓ గంట డాన్స్ నేర్పించరాదూ" అన్నారు. సరే అన్నా. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పదకొండు మంది వచ్చారు.

నాకు ఎలా నేర్పారో అలాగే మొదలుపెట్టా. వరసగా నిలబెట్టడం, నమస్కారం, అరమండి, మొదటి అడుగు. నాకు అవన్నీ నేర్పింది ఏడేళ్ల వయసులో అన్న సంగతే గుర్తు రాలేదు. పది నిమిషాలకి ఒకడు క్లబ్‌హౌస్ క్యారమ్ బోర్డు కింద దూరాడు. ఇద్దరు ఏడుపు. తాళానికని కర్రతో గట్టిగా కొట్టేసరికి మూడో పాప కూడా అందుకుంది. రెండో నెలకి నలుగురే మిగిలారు.

పిల్లలు మానేశారని కాదు నా బాధ. ఒక అమ్మ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. "ఇదివరకు టీవీలో పాట వస్తే ఎగిరేది మేడమ్, ఇప్పుడు ఎగరట్లేదు." అంతే, ఇంకేం లేదు మెసేజ్‌లో. ఉద్యోగంలో ఉన్నప్పుడు అర్ధరాత్రి సర్వర్లు పడిపోతే కూడా నిద్రపోయాను కానీ, ఆ రాత్రి పట్టలేదు. డాన్స్ నేర్పిస్తానని తీసుకుని, ఉన్న డాన్స్ తీసేశా కదా అనిపించింది.

పొద్దున్నే మా టీచర్ గారికి ఫోన్ చేశా. మొత్తం విని ఆవిడ నవ్వి, "వాళ్లని ఎవరు కూర్చోబెట్టమన్నారే నిన్ను అరమండిలో? ముందు ఆడుకోనీ" అన్నారు. "మరి మీరు నన్ను కూర్చోబెట్టారుగా?" అంటే, "నువ్వు ఏడేళ్లకొచ్చావు. అంతకుముందు రెండేళ్లు మా ఇంటి గుమ్మంలో కూర్చుని చూశావు, అది లెక్కలోకి రాదా?" అన్నారు.

తర్వాత కాస్త చదివా, ఒక ఫిజియోథెరపిస్ట్‌ని కూడా అడిగా. అరమండి అంటే మోకాళ్లు పక్కలకి తిరిగేలా సగం కూర్చోవడం. ఆ తిప్పడం తుంటి దగ్గర్నించి రావాలి. పుట్టినప్పుడు తొడ ఎముక కొంచెం లోపలికి మెలితిరిగి ఉంటుంది. ఎనిమిది, పదేళ్లు వచ్చేదాకా అది మెల్లగా సర్దుకుంటూనే ఉంటుంది. మీ ఇంట్లో పిల్లలు కాళ్లు రెండూ వెనక్కి మడిచి హాయిగా నేలమీద కూర్చుంటారే, మనం కూర్చుంటే ప్రాణం పోతుందే, దానికి కారణం ఇదే. అలాంటి పిల్లని "ఇంకా కూర్చో, ఇంకా తిప్పు" అంటే తుంటి తిరగదు. మోకాలు, పాదం మెలిపెట్టి మన కోసం తిప్పినట్టు చేస్తుంది. బయటికి చక్కగానే కనిపిస్తుంది. భారం మాత్రం మోకాలి మీద పడుతుంది. దానికి తోడు మన క్లబ్‌హౌస్‌ల్లో గ్రానైట్ నేల. దానిమీద పాదం తట్టించడం అసలే వద్దు.

అందుకే క్లాస్ మొత్తం మార్చేశా. గంట తీసేసి ముప్పై ఐదు నిమిషాలు. వరసల్లేవు, అందరం గుండ్రంగా నిలబడతాం. మొదటి ఆట బతుకమ్మ. మధ్యలో పూలు, చుట్టూ చప్పట్లు, వంగి లేస్తూ ఒక్కో అడుగు పక్కకి. ఆలోచించండి, తాళం ఉంది, అడుగు ఉంది, పక్కవాళ్లతో కలిసి కదలడం ఉంది. ఇక్కడ పిల్లలకి ఇది ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, అమ్మ చంకలో ఉన్నప్పటి నుంచీ చూసిందే. దీన్ని వదిలేసి నేను నేరుగా అడవుల మీద పడ్డానే అని ఇప్పటికీ నవ్వొస్తుంది. అడవులంటే చెట్లున్న అడవులు కాదు లెండి, నాట్యంలో మొదటి పాఠాలు. ఈ ముక్క చెప్తే పిల్లలు మాత్రం పులి ఎక్కడా అని వెతుకుతారు.

తర్వాత హస్తాలు. అభినయ దర్పణంలో ఒంటిచేతి ముద్రలు ఇరవై ఎనిమిది. వరసగా వల్లె వేయిస్తే నాలుగేళ్ల పిల్లకి ఏం ఎక్కుతుంది? నేను జంతువులతో మొదలుపెడతా. సింహముఖం, మృగశీర్షం, సర్పశీర్షం, మయూరం. రెండు చేతులూ కలిపితే మత్స్యం, కూర్మం. "పాము ఎక్కడికి పోతోంది?" అంటే పదకొండు పాములు పదకొండు వైపులకి పోతాయి. చెయ్యి ఎటు పోతే చూపు అటే పోతుంది, నేను చెప్పకుండానే. పెద్ద పిల్లలకి అదే సంగతి చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతుంది. పేర్లు పలకడం మాత్రం అడక్కండి, మా క్లాసులో మృగశీర్షం పేరు "మురుకు శీర్షం".

మురుకులంటే గుర్తొచ్చింది, తాళం నేర్పేది తిండితోనే. తకిట అంటే మూడు, కాబట్టి మా-మి-డి. తకధిమి అంటే నాలుగు, కాబట్టి ఆ-వ-కా-య. పప్పు అంటే రెండు. పప్పు, మామిడి కలిపి చప్పట్లు కొట్టామంటే ఐదు వచ్చేసినట్టే, అది ఖండగతి. ఒక బాబు ఇంటికెళ్లి అన్నం తింటూ కంచం మీద అదే వాయించాడట, వాళ్ల నానమ్మ ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదుకి నేనెంత సంతోషించానో.

ఆ బాబు ఇప్పుడు రావట్లేదు. "డాన్స్ ఆడపిల్లలకి కదండీ, వీణ్ణి కరాటేలో వేస్తాం" అన్నారు వాళ్ల నాన్నగారు. గొడవ పెట్టుకోలేదు, కానీ ఒక మాట చెప్పా. కూచిపూడి భాగవతులంటే తరతరాలుగా మగవాళ్లే. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అన్నట్టుండేది, 1970లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. నాన్నగారు శ్రద్ధగా విన్నారు. బాబు మాత్రం కరాటేకే వెళ్తున్నాడు.

ఇంకో గొడవ స్టేజ్. చేరిన మూడో వారానికే "ప్రోగ్రాం ఎప్పుడు మేడమ్?" అని అడుగుతారు. తప్పు పట్టను. మన గచ్చిబౌలి స్టేడియంలోనే 2010 డిసెంబర్ 26న 2,850 మంది కలిసి కూచిపూడి చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. వీకెండ్ శిల్పారామం వెళ్తే ఎవరో ఒకరి పిల్లలు వేదిక మీద ఉంటారు. చూస్తే ఎవరికైనా మన పిల్ల అక్కడ ఉండాలనిపిస్తుంది. కానీ నాలుగు నిమిషాల ఐటమ్ కోసం మూడు నెలలు ఒకే పాట రుద్దితే, పిల్లకి ఆ పాట వస్తుంది, అంతే. అందుకే ఐదేళ్ల లోపు నా దగ్గర స్టేజ్ లేదు. చేర్చుకునేటప్పుడే చెప్పేస్తా. ఇది విని ముగ్గురు వెళ్లిపోయారు. నా లెక్క తప్పు కూడా కావొచ్చు, స్టేజ్ మీదే వికసించే పిల్లలూ ఉంటారు.

ఎగరడం మానేసిన పాప సంగతి అడుగుతారని తెలుసు. వాళ్లమ్మని బతిమాలి మళ్లీ రమ్మన్నా, చెయ్యకపోయినా పర్లేదని. ఐదు వారాలు అమ్మమ్మ ఒళ్లోంచి దిగలేదు. నేను పిలవలేదు, చూడనట్టే ఉన్నా. ఆరో వారం అందరం తాబేళ్లమై పాకుతుంటే పక్కన ఇంకో తాబేలు కనిపించింది. మర్నాటి వారం మళ్లీ ఒళ్లోనే. ఇప్పుడు సగం సగం. టీవీ ముందు ఎగురుతోందా అని వాళ్లమ్మని ఇంకా అడగలేదు, ధైర్యం చాలక.

మరి మీ పాపని చేర్పించాలా? ముందు ఒక క్లాస్ పూర్తిగా కూర్చుని చూడనిమ్మనండి. కుదరదంటే ఇంకోచోటు చూసుకోండి. నేల ఎలా ఉందో చెప్పులిప్పి నిలబడి చూడండి. మోకాళ్లు నొక్కి కూర్చోబెడుతున్నారేమో చూడండి. వారానికి ఒక్క క్లాస్ ఏం సరిపోతుంది అనకండి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి మూడు గంటలు ఏదో రకంగా కదలాలని డబ్ల్యూహెచ్ఓ 2019లోనే చెప్పింది. అది క్లాసులో అయ్యేది కాదు, కింద పార్కులో అయ్యేది.

సరే, ఈ శనివారం క్లాస్ పది గంటలకి. వర్షం పడితే మాత్రం నల్లగండ్ల వైపు వాళ్లు అండర్ బ్రిడ్జి దగ్గర నీళ్లు చూసుకుని బయల్దేరండి, లేటైతే ఏం ఫర్లేదు. బై!