ఏది మనం విప్పాలి, ఏది మెకానిక్‌కి వదలాలి
(సమాఖ్య మహాజన సభలో కుట్టు కేంద్రం సభ్యుల ప్రసంగం)



ఈ ఏడు బడిపిల్లల యూనిఫారాల ఆర్డరు మనకు వచ్చిన సంగతి మీకు తెలుసు. జూన్ మొదట్లో, బడులు తెరిచే ముందు, మా మిషన్లు రెండు ఒకేసారి ఆగిపోయాయి. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "రేపొస్తా" అన్నాడు. ఆ రేపు ఆరో రోజుకు వచ్చింది.

వచ్చి చేసిందేమిటి? సూది కింద పలక విప్పి, పళ్ల మధ్య గట్టకట్టిన నూలు పీచును బ్రష్షుతో తీశాడు. నాలుగు చుక్కల నూనె వేశాడు. పది నిమిషాల పని! దానికోసం మేం ఆరు రోజులు మిగతా మిషన్ల మీద వంతులేసుకుని అర్ధరాత్రి దాకా కుట్టాం. "ఈ మాత్రం మనకు చేతకాదా?" అని సిగ్గేసింది.

ఆ పంతంతో ఇంకో తప్పు చేశాం. మోటారు నుంచి కాలిన వాసన వస్తోందని మాలో ఒకరు ప్లగ్గు తీయకుండానే పెడల్ మూత విప్పారు. షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ, తర్వాత కొన్నాళ్లు ఎవరికీ మిషన్ ముట్టాలంటే ధైర్యం చాల్లేదు.

అప్పుడు అందరం కూర్చుని తీర్మానం రాసుకున్నాం. పీచు తీయడం, నూనె వేయడం, సూది, బెల్టు మార్చడం, బాబిన్ కేసు శుభ్రం చేయడం, దారం బిగువు సరిచేయడం మన పని. ఏది ముట్టుకున్నా ముందు ప్లగ్గు తీయాలి. మోటారు, పెడల్, కరెంటు వైరు, సూదికీ షటిల్‌కీ లెక్క తప్పడం మెకానిక్ పని. వాటి మూత కూడా తెరవొద్దు.

నేర్పమని ఆ మెకానిక్‌నే అడిగాం. "మీరు నేర్చుకుంటే నా పొట్ట సంగతేంటమ్మా?" అన్నాడు. న్యాయమైన మాటే. నేర్పిన రోజుకు కూలి ఇచ్చాం, ఏడాదికి రెండుసార్లు సర్వీసింగు అతనికే ఇస్తామన్నాం. ఒప్పుకున్నాడు. కొబ్బరినూనె వేస్తే జిగురై పట్టేస్తుందని, మిషన్ నూనే వాడాలని, గుడ్డకు కింది వైపు దారం ఉండలు కడితే ముందు పై దారం చూడాలని అతనే చెప్పాడు. ఇప్పుడు ఏం పాడైందో ఫోన్లోనే చెప్పగలుగుతున్నాం. అతనూ సామాను వెంట తెచ్చుకుంటున్నాడు, రెండోసారి తిరగక్కర్లేదు.

సభకు మా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడు ప్రతి గ్రామ సంఘంలో మిషన్ ఉన్న అక్కలకు ఒక రోజు శిక్షణ పెట్టండి. స్క్రూడ్రైవరు, బ్రష్షు, నూనె, సూదులు ఉన్న డబ్బా ఒకటి, మరమ్మతుల పుస్తకం ఒకటి ఇవ్వండి. చేతనైంది చేసుకుందాం. చేతకానిది ఒప్పుకుని, చేసినవాళ్లకు వాళ్ల కష్టం ఇద్దాం.