ఇంటిపన్ను రసీదు చెప్పునది, చెప్పనిది

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నేను పండితుడను కాను. ఈ యూరి వర్తకుల పద్దులు వ్రాయుచు, తీరిక దొరికినప్పుడు ఈ బీరువాలలోని గ్రంథములను గురువు లేకయే చదువుకొన్నవాడను. కార్యదర్శిగారు నన్ను కవిత్వమునుగూర్చి మాటాడుమనిరి. ఆ పనికి తగినవారు ఈ వేదికమీదనే ముగ్గురున్నారు. నాకు వచ్చినది లెక్క. కావున ఇండ్లను, అంగళ్లను అద్దెకిచ్చువారికిని, పుచ్చుకొనువారికిని అక్కరకు వచ్చు సంగతులు కొన్ని విన్నవింతును.

ఈ యిల్లు నీదని ఏమి రుజువు అని మన యూరిలో ఎవరినైన అడుగుడు. అటకమీది పెట్టె దింపి, దారముతో కట్టిన పన్ను రసీదుల కట్టను ముందుంచుదురు. తాతగారి నాటి రసీదు కూడ అందులో నుండును. ఆ కట్టను చూచిన నాకు గౌరవమే. కాని అది చెప్పగలిగినంతయే చెప్పును.

పదుమూడవ శతాబ్దమున కేతన మితాక్షరను తెలిగించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రగ్రంథమును రచించెను. ఆ మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్యస్మృతిలో వ్యవహారమునకు మూడు ప్రమాణములు చెప్పబడినవి: లిఖితము, భుక్తి, సాక్షులు. అనగా పత్రము, అనుభవము, ఎరిగిన మనుష్యులు. ఈ మూడును లేనిచో దివ్యప్రమాణము, అనగా అగ్ని, జలము మొదలగు పరీక్షలు. నేడు అగ్నిపరీక్ష లేదు. దాని స్థానమున కోర్టు వాయిదాలు కలవు.

పన్ను రసీదు భుక్తికి చెందినది. ఈ యింటిని ఫలానావారు అనుభవించుచు పన్ను కట్టిరని మాత్రమే అది చెప్పును. హక్కు లిఖితమునందున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలుకొని ఎంత విలువగల స్థిరాస్తినైన విక్రయించుటకు రిజిస్టరు దస్తావేజు ఉండవలెను. పంచాయతీ పుస్తకములో పేరు మారినంత మాత్రమున హక్కు మారదు. జనరల్ పవర్ వ్రాయించుకొని ఇల్లు కొన్నామనుకొనుటయు అట్టిదే. దానివలన యాజమాన్యము సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా తీర్పు చెప్పినది. కొనుటకు ముందు ఈసీ తీయించి చూచుకొనుడు. పంచాయతీలో పన్ను బకాయి ఉన్నదేమో కూడ విచారించుడు. బకాయి అమ్మినవాని వెంట పోదు, ఇంటిని అంటిపెట్టుకొని యుండును.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను.

మన వీధిలో ఒక వితంతువునకు రోడ్డువైపు రెండు గదులే జీవనాధారము. వానిని ఒక వ్యాపారికి అద్దెకిచ్చినప్పుడు కాగితము వ్రాసినది నేను. పదునొకండు నెలలకు వ్రాసితిని. సంవత్సరము దాటనిచో రిజిస్ట్రేషను అక్కరలేదని లోకమంతయు అనుకొనుచుండెను, నేనును అనుకొంటిని. దేశమున సామాన్య నియమము అదియే. కాని మన రాష్ట్రమున 1999లో రిజిస్ట్రేషను చట్టమును సవరించి, గడువు ఎంతదైనను స్థిరాస్తి కౌలుపత్రమును రిజిస్టరు చేయవలెనని విధించిరి. సవరణ వచ్చిన చాలయేండ్లకు కూడ నాకు తెలియదు. నా అక్షరములు గుండ్రముగా నుండునని ఊరివారు మెచ్చుకొనుచుండిరి, ఆ గర్వమొకటి.

అద్దె నిలిచిపోయినది. వ్యవహారము కోర్టుకు ఎక్కినది. ఆమె యజమానురాలే కాదని వ్యాపారి మొదట వాదించెను. అది నిలువలేదు, అద్దెకు దిగినవాడు, దింపినవారి హక్కును కాదనరాదు. అంతట అద్దె అంత కాదు, దానిలో సగమే అనెను. అప్పుడు నా కాగితము బయటికి వచ్చినది. రిజిస్టరు కాని పత్రమును అందలి షరతులకు సాక్ష్యముగా గ్రహింపరు. ఆయన ఆ గదులలో ఎట్టి హోదాతో ఉన్నాడో తెలిసికొనుటకు తప్ప, అద్దె ఎంతయో చెప్పుటకు అది పనికిరాలేదు. గడువు షరతు కూడ పోయి, నెలసరి అద్దెగా లెక్కింపబడినది. నెలసరి అద్దెను పదునైదు దినముల నోటీసుతో ఇరువురిలో ఎవరైనను ముగింపవచ్చును. ఆమెకు గదులు దక్కినవి, బకాయిలో చాలభాగము దక్కలేదు. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అనినచో తేలికగా నుండెడిది.

ఆ నోటీసు మాట వర్తకసోదరులు కూడ వినవలెను. వేలు వెచ్చించి అలమరలు, దీపములు పెట్టించుకొని, తెల్లకాగితమును నమ్ముకొన్నచో మూడేండ్ల గడువు మాట చెల్లదు. రిజిస్ట్రేషను ఖర్చు యజమానికి మాత్రమే మేలుచేయునని తలపకుడు.

పండ్రెండేండ్లు ఉన్నవానికి ఇల్లు సొంతమగునను భయముతో కొందరు గదులకు తాళములు వేసి, బూజు పట్టించుచున్నారు. 1963 నాటి కాలపరిమితి చట్టములోని పండ్రెండేండ్లు యజమాని హక్కును ధిక్కరించి అనుభవించువానికి సంబంధించినవి. అనుమతితో అద్దెకున్నవాడు ఎన్నియేండ్లున్నను ఆ లెక్కలోనికి రాడు.

ఇంటిపన్ను ఎవరు కట్టవలెనో దస్తావేజులో వ్రాసికొనుడు. పంచాయతీ మాత్రము యజమానినే అడుగును. యజమాని తాను నిజముగా కట్టిన ఇంటిపన్నును ఆదాయపు పన్ను లెక్కలో అద్దెనుండి తగ్గించుకొనవచ్చును. మిగిలినదానిలో మరల నూటికి 30 వంతులు మినహాయింపు. బకాయి పెట్టినవానికి ఆ తగ్గింపు లేదు.

రసీదులో ఎవరును చదువని చిన్న గడి ఒకటి కలదు: గ్రంథాలయ సుంకము. 1948 నాటి మద్రాసు చట్టములో అది రూపాయకు ఆరు పైలు, అనగా పాతకాలపు దమ్మిడీల లెక్క. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినది. దాని క్రింద నేడు ఇంటిపన్ను రూపాయకు ఎనిమిది పైసలు. వేయి రూపాయల పన్నుకు ఎనుబది రూపాయలు. పంచాయతీ వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసినది. వసూలైనదంతయు అచ్చటికి చేరుచున్నదా అని గ్రామసభలో అడుగు హక్కు మనకున్నది. మనలో కొందరు డాబాను పెంకుటిల్లని, అంగడిని నివాసమని వ్రాయించుకొని పన్ను తగ్గించుకొన్నారు. పేర్లు చెప్పను, వారిలో ఇద్దరు ఈ సంచికకు చందా ఇచ్చిరి. ఇచ్చిన చందాకు వందనము. తగ్గిన పన్నులో ఈ బీరువాలకు రావలసిన పైసలు కూడ తగ్గినవని మాత్రము లెక్కవ్రాయువానిగా చెప్పక తప్పదు.

నా చేతివ్రాత అద్దె కాగితములు ఈ యూరిలో ఇంకను ఇరువదికి తక్కువ కాకుండ ఉండును. అవి ఎవరియొద్ద నున్నవో వారు వచ్చు ఆదివారము ఉదయము ఈ గ్రంథాలయమునకు తీసికొనిరండు. యజమానులు, అద్దెదారులు ఇరువురును కలిసి వచ్చినచో మరియు మంచిది. కొత్త దస్తావేజునకు చిత్తుప్రతి వ్రాసియిత్తును. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు మీతో కూడ వత్తును. నా కూలి అక్కరలేదు.