మొక్కులు తీర్చని బుద్ధుడు



మొన్న బుద్ధ పూర్ణిమ నాడు మన వాడలో ఒక అవ్వ కొబ్బరికాయ పట్టుకొచ్చి, "సారూ, ఈయనకు మొక్కితే ఏమిస్తాడు?" అనడిగింది. కొందరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. మనల్ని గుడి బయట నిలబెట్టి మరీ మొక్కడం నేర్పారు గదా!

ఏమీ ఇవ్వడవ్వా. 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ తేల్చింది ఇదే: బుద్ధుడు మార్గదాత, మోక్షదాత కాదు. దారి చూపుతాడు, నడవాల్సింది మనమే. పోయేముందు కూడా వారసుణ్ణి పెట్టలేదు, ధమ్మమే మీకు గురువన్నాడు. బౌద్ధులంతా ఇట్లాగే అనుకుంటారని కాదు. అమితాభ బుద్ధుణ్ణి తలిస్తే సుఖావతికి చేరుస్తాడని నమ్మేవాళ్లు చైనా, జపానుల్లో చాలామంది. వాళ్ల సంగతి వాళ్లది.

మన గొడవ వేరే. బుద్ధుడు విష్ణువు అవతారమట! 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఐదోది దీన్నే కాదంది. ఎందుకంటారా? అవతారమని ఒప్పుకుంటే ఆయన వాళ్ల గుడిలో ఒక మూల బొమ్మయిపోతాడు. మనం మళ్లీ బయటే.

"మరి బుద్ధం శరణం అంటారేం?" అంది అవ్వ, వదలకుండా. మంచి ప్రశ్నే. అది వరం అడగడం కాదవ్వా, ఆ దారిన నడుస్తామని మాటివ్వడం అన్నాం.

అవ్వ కాసేపు ఆలోచించింది. కాయ పగలగొట్టి పిల్లలకు పంచింది.