అంగన్‌వాడీ టీచరు అలసట: పోలిక ఎవరితో?

పూర్వప్రాథమిక ఉపాధ్యాయుల ఉద్యోగ సంతృప్తిని, బర్నౌట్‌ను స్త్రీ పురుష భేదంతో తూచే అధ్యయనాలు ప్రపంచంలో చాలానే ఉన్నా, నెల్లూరు తీరానికి వచ్చేసరికి ఆ త్రాసులో ఒక సిబ్బె ఖాళీగానే ఉంటుంది. ఈ తీరం వెంబడి పేద కుటుంబాల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బడి అంటే అంగన్‌వాడీయే. అక్కడ టీచరూ ఆయా ఇద్దరూ నిబంధన ప్రకారమే స్త్రీలు.

హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో చర్చకు తెచ్చిన బర్నౌట్‌కు క్రిస్టినా మాస్లాక్ 1981లో సహ పరిశోధకురాలితో కలిసి కొలమానం రూపొందిస్తూ మూడు లక్షణాలు చెప్పారు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎవరి కోసం పనిచేస్తున్నామో వారిపట్లే మొద్దుబారడం, చేసిన పనికి ఫలితం లేదనిపించడం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలోని ఆరు సేవల్లో చదువు ఒకటి మాత్రమే కాబట్టి, ఈ టీచరుకు ఆటపాటల నడుమనే గుడ్ల లెక్క, పాల లెక్క, బాలామృతం పంపిణీ, గర్భిణుల ఇళ్ళకు వెళ్ళిరావడం కూడా ఉంటాయి. మగవాళ్ళు వేటకూ, ఆడవాళ్ళు చేపల గంపతో బజారుకూ పోయిన మత్స్యకారుల పట్టపుపాళెంలో, తూకం మీద కుదురుగా నిలవని బిడ్డను ఒక చేత్తో పట్టుకొని, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆ బరువు ఎక్కించడానికి సిగ్నల్ కోసం రెండో చేత్తో ఫోను పైకెత్తవలసిన పని అది. అలసట పిల్లల వల్ల కంటే లెక్కల వల్లే ఎక్కువనడం సాహసం కాదు.

పసిపిల్లల బోధన స్త్రీల స్వభావానికే తగినదన్న వాదం నిలవదు. 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకాను గుజరాతీలు మీసాల తల్లి అని పిలుచుకున్నారు. పురుషుడు చేస్తే బిరుదుకెక్కిన ఆ ఓపిక స్త్రీ చేస్తే సహజగుణంగా జమకావడమూ, సహజగుణానికి జీతమెందుకన్న తర్కం పుట్టడమూ ఇక్కడి అసలు లింగభేదం. అదే ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలోని సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడికి, ఉపాధ్యాయినికి వేతన స్కేలు ఉంటే, అంగన్‌వాడీ టీచరుకు ఉన్నది గౌరవ వేతనం, 2019లో నిర్ణయించినది నెలకు 11,500 రూపాయలు. ప్రభుత్వ ఉద్యోగి అన్న హోదా లేదు. గ్రాట్యుటీకి వీరు అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పినా, ఆ గ్రాట్యుటీ కోసమూ కనీస వేతనం కోసమూ రాష్ట్రంలో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ఆ సమ్మె మీద ప్రభుత్వం ప్రయోగించింది అత్యవసర సేవల చట్టాన్ని! సేవ అత్యవసరమట, చేసేవారు మాత్రం ఉద్యోగులు కారట.

కాబట్టి నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఒక విన్నపం: లేని పురుష అంగన్‌వాడీ టీచరుతో పోలిక వెతకడం మాని, ఒకే ఊరి అంగన్‌వాడీ టీచరునూ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులనూ పక్కపక్కన పెట్టి, జీతం, హోదా, లెక్కల భారం విడివిడిగా కొలవాలి, ప్రశ్నావళి ఈ తీరపు తెలుగులో ఉండాలి, నింపవలసిన మరో ఫారంగా అది ఆ టీచరు మీద పడకూడదు.