ఏజెంటు టిక్కు పెట్టే ముందు

క్యాన్సర్, గుండెపోటు వంటి పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బు చేతికిచ్చేది క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. దరఖాస్తులో ‘ఇదివరకు జబ్బులున్నాయా?’ అన్నచోట ఏజెంటు ‘లేవు’ అని టిక్కు పెట్టేస్తుంటే ఆపండి. షుగరు, బీపీ ఉంటే వాడే మాత్రలతో సహా రాయించండి. దాస్తే క్లెయిమ్ నాడు చిక్కే.

ఉన్నది చెబితే కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, ఫలానా జబ్బుకు వర్తించదనీ అనవచ్చు. ఆ మినహాయింపు శాశ్వతమా, కొంతకాలమేనా అని రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు నిరీక్షణ గడువు 36 నెలలు మించరాదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది. పాలసీ అందాక షరతులు నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. నింపిన దరఖాస్తు నకలు మాత్రం తప్పకుండా దాచుకోండి.