ఉపాధ్యాయుడు చదువు మానరాదు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. విషయము "భాషా ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ". పేరు వినగానే ఇది మాస్టర్ల సంగతి, మనకెందుకని వెనుక వరుసలోని సోదరులు టీ వైపు చూస్తున్నారు. కాస్త ఓపిక పట్టండి. ఇది మీ పిల్లల సంగతి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుంటాము. 2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వపు నిష్ఠా శిక్షణ, దీక్ష అనే వేదిక మీద ఆన్‌లైన్‌లో మొదలైంది. మొత్తం 18 కోర్సులు. మేమూ అన్నీ పూర్తి చేశాము. ఎలా చేశామంటారా? ఒక పక్క ఫోనులో వీడియో నడుస్తూ ఉండేది, మరో పక్క మేము భోంచేస్తూ ఉండేవాళ్ళము. ప్రశ్నలకు జవాబులు వాట్సాప్‌లో ముందే వచ్చేవి. చూసి నొక్కడమే మా పని. మా అమ్మాయి ఒకనాడు అడగనే అడిగింది, "అబ్బా, మేము ఇలా రాస్తే మీరు కాపీ అంటారు కదా?" అని. నవ్వి ఊరుకున్నాము. సర్టిఫికెట్లు మాత్రం ఫైలులో భద్రంగా చేరాయి.

బడులు తెరిచాక ఒకరోజు అయిదో తరగతి పిల్లవాడి తల్లి షాదీ రుఖా ఒకటి పట్టుకుని వచ్చింది. "సార్, మావాడు కితాబు గడగడా చదువుతాడు. చుట్టాల ఇంటి రుఖా చేతికిస్తే పెళ్ళి ఏ రోజో కూడా చెప్పలేకపోయాడు. వాళ్ళ అబ్బా బాగా కోప్పడ్డారు. తప్పు మావాడిదేనా సార్?" అని అడిగింది. పిల్లవాణ్ణి పిలిచి పాఠం తెరిచాము. నిజంగానే గడగడా చదివాడు. అప్పుడు పేజీని చేత్తో మూసి, నడుమ ఒక్క మాట మాత్రం కనిపించేటట్టు వేలు పెట్టాము. వాడు అక్షరం వైపు చూడలేదు, మా ముఖం వైపు చూశాడు. పాఠమంతా కంఠస్థమే, చదవడం మాత్రం రాలేదు. "తప్పు వాడిది కాదమ్మా" అని చెప్పి పంపాము. మరి ఎవరిదో చెప్పడానికి నోరు రాలేదు.

ఉర్దూ చదువు నేర్పడం తేలికైన పని కాదండీ. బే, పే, తే, టే, సే విడివిడిగా రాస్తే అన్నీ ఒకే పడవ ఆకారము. చుక్కలూ గుర్తులూ మాత్రమే తేడా. మాట మధ్యలోకి వచ్చేసరికి ఆ పడవ పోయి చిన్న పన్నులాంటి శోషా మిగులుతుంది. నూన్, యే కూడా అక్కడ ఆ రూపానికే వస్తాయి. పైగా జేర్, జబర్, పేష్ మామూలు రాతలో వేయరు. ఇంట్లో మనం మాట్లాడేది దక్కనీ, పుస్తకంలో ఉండేది వేరే ఉర్దూ. పిల్లవాడు "నక్కో" అంటాడు, పుస్తకం "నహీఁ" అంటుంది. ఇన్ని చిక్కులున్న చదువును, మనకు మన ఉస్తాదులు ఎలా చెప్పారో అలాగే వల్లె వేయిస్తూ వచ్చాము.

ఆ రాత్రి సిగ్గు విడిచి, భాషా బోధన గురించిన కోర్సును మళ్ళీ మొదటి నుంచి చూశాము. ఈసారి కాగితం, కలం పక్కన పెట్టుకున్నాము. ఆ తర్వాత ఉపాధ్యాయుడు తన పాఠాన్ని తానే రికార్డు చేసి వినాలన్న మాట ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణలో విన్నాము. సరే చూద్దామని ఫోను బల్ల మీద పెట్టి, ఒక పీరియడు రికార్డు చేసి, ఇంటికి వచ్చి విన్నాము. అంతా మా గొంతే! పిల్లల నోట వచ్చింది "జీ సార్" ఒక్కటే.

ఆనాటి నుంచి పద్ధతి మార్చాము. ముందు పిల్లల చేత వాళ్ళ దక్కనీలోనే కబురు చెప్పిస్తాము, తర్వాత పుస్తకపు మాటకు వెళతాము. అట్టముక్కల మీద అక్షరాలు రాసి, మాటలు కూర్పించి, విడదీయిస్తాము. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరికొకరు చదివించుకునేటట్టు చూస్తాము. గొప్ప విద్య ఏమీ కాదు ఇది. కానీ ఇరవై ఏళ్ళ సర్వీసులో మాకు తోచలేదు.

ఇప్పుడు అవకాశాల సంగతి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలంటుంది. దీక్షలో ఉర్దూ పాఠాలు కూడా గలవు. 2017లో ప్రారంభమైన స్వయంలో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం ఉపాధ్యాయుల కోసమే ఒక కేంద్రం ఉంది. ఆ విశ్వవిద్యాలయపు ఉర్దూ ప్రసంగాలు యూట్యూబులో ఎవరైనా చూడవచ్చును. ఇంగ్లీషు చెప్పేవారికి బ్రిటిష్ కౌన్సిల్ వారి టీచింగ్ ఇంగ్లీష్‌లో ఉచిత కోర్సులు ఉన్నాయి. డబ్బు కట్టండి, రేపే సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలను మాత్రం నమ్మకండి.

ఇన్ని ఉన్నా మనవాళ్ళకు ఎందుకు అందడం లేదు? చిన్న ప్రైవేటు బడుల్లో పనిచేసే మన ఆపాలను అడగండి. ఇంటికంతా ఒకటే ఫోను, అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. పాఠం ఇంగ్లీషులో వస్తే అడిగి తెలుసుకునే దిక్కు లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, దానికి ఏడాది ముందే పుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి అనువాద శాఖను పెట్టుకున్నారు. చదువు మన భాషలోకి రావాలంటే ఎవరో ఒకరు కూర్చుని తేవాలి కదా.

అందుచేత సంఘానికి మా విన్నపము ఒకటే. సాయంత్రం మూతపడి ఉండే మన రీడింగ్ రూమును వారానికి ఒక్కనాడు రెండు గంటలు ఉపాధ్యాయులకు ఇవ్వండి. ఒక నెట్ కనెక్షన్, ఒక పెద్ద తెర చాలు. అందరమూ కలిసి ఒక పాఠం చూస్తాము. ఇంగ్లీషు వచ్చినవారు రానివారికి చెబుతారు. ఆ వారం తరగతిలో చేసి చూసి, ఏది పారిందో ఏది పారలేదో మరుసటి వారం చెప్పుకుంటాము. వారానికి రెండు గంటల చొప్పున 25 వారాలకు ఆ 50 గంటలూ పూర్తవుతాయి. జవాబులు ముందుగా పంపడం మాత్రం ఉండదు. ఆ పూచీ మాది.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాము. చదువుల సంవత్సరం చివర వాళ్ళ ఇంటికి ఇంకో రుఖా వచ్చింది. తల్లి దాన్ని వాడి చేతికే ఇచ్చి బడికి పంపింది. మా బల్ల దగ్గర నిలబడి చదివాడు. రెండు చోట్ల ఆగాడు, ఒక పేరు తప్పు పలికాడు. పెళ్ళి రోజు, వేళ, షాదీఖానా పేరు మాత్రం సరిగ్గా చెప్పాడు. మా ఫైలులోని 18 సర్టిఫికెట్లకంటే మాకు అదే పెద్ద సర్టిఫికెట్టు.